శీతాకాలపు ఓపెన్ మైక్ రాత్రులకు ష్యూర్ ఎస్ఎం58: ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ తడబడుతుంది

ఓపెన్ మైక్‌లో, అంటే ఎవరైనా వేదికెక్కి పాడే, చదివే రాత్రిలో, ఒకే మైకు రెండు గంటల్లో ఇరవై చేతులు మారుతుంది. ఒకరు పెదాలకు ఆనించుకుని పాడతారు. వెనకే వచ్చినావిడ మూరెడు దూరంలో నిలబడి కవిత చదువుతుంది. ఆ తర్వాతి కుర్రాడు మైకు తల మీది జాలీని గుప్పిట్లో బిగించి ర్యాప్ మొదలుపెడతాడు. వీళ్లలో చాలామందికి మైకు పట్టుకోవడం ఎవరూ నేర్పి ఉండరు. ఇన్ని రకాల వాడకాన్ని ఓర్చుకునే మైకు ఏదంటే మా జవాబు ఇప్పటికీ ష్యూర్ ఎస్ఎం58. కాకపోతే ఇది పాడేవాళ్లకు ఎంత నప్పుతుందో, మెల్లగా చదివే కవులకు అంత నప్పదు. చలికాలం ఆ తేడాను ఇంకాస్త పెంచుతుంది. ఆ సంగతి తెలిసి, తగ్గట్టు అమర్చుకునేవాళ్లకే దీన్ని సిఫారసు చేస్తాం.

ముందు మైకు సంగతి. 1966లో వచ్చిన డైనమిక్ మైకు ఇది. బరువు 298 గ్రాములు. పేరులోని ఎస్ఎం అంటే స్టూడియో మైక్రోఫోన్. మొదట దీన్ని వేదికల కోసం కాక స్టూడియోల కోసం తయారు చేశారు. అందుకే ఒంటికి మెరుపు లేని బూడిదరంగు, అసలు మోడల్‌కు స్విచ్ లేకపోవడం. లోపల అయస్కాంతం మధ్య కదిలే తీగచుట్ట ఉంటుంది, కాబట్టి బ్యాటరీ గానీ, మిక్సర్ (శబ్దాలను కలిపి సర్దే పెట్టె) కేబుల్ గుండా పంపే ఫాంటమ్ కరెంటు గానీ అక్కర్లేదు. 50 నుంచి 15,000 హెర్ట్జ్ వరకు అందుకుంటుంది. మంద్రం కింది భాగాన్ని కొద్దిగా తగ్గించి, 4,000 హెర్ట్జ్ పైన కొంత ఎత్తి చూపిస్తుంది. మాటలోని హల్లులు స్పష్టంగా వినబడేది ఆ ప్రాంతంలోనే. హీటర్ ఫ్యాన్ తిరుగుతూ, జనం కుర్చీలు జరుపుతూ ఉన్న గదిలో మాట తేటగా వినిపించడానికి ఈ ఎత్తు బాగా సాయపడుతుంది. స, శ, చ అక్షరాలు కొందరి గొంతులో గీసుకుపోయినట్టు వినిపించడానికి కూడా కారణం ఇదే. అలాంటి గొంతు వస్తే మిక్సర్‌లో ట్రెబుల్ 2, 3 డెసిబెల్స్ దించితే సరిపోతుంది.

ఇక కవుల దగ్గర వచ్చే చిక్కు. ఈ మైకు సున్నితత్వం, అంటే శబ్దానికి స్పందించి పంపే సంకేతం, తక్కువ: ఒక పాస్కల్ ఒత్తిడికి 1.85 మిల్లీవోల్టులు. పాడేవాళ్లకు ఇది చాలు. మెల్లగా, దూరంగా నిలబడి చదివే గొంతుకు చాలదు. దూరం రెట్టింపయిన ప్రతిసారీ మైకును చేరే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. నోటికి 5 సెంటీమీటర్ల దగ్గరున్న మైకును 20 సెంటీమీటర్లకు జరిపితే 12 డెసిబెల్స్ పోయినట్టే. ఆ లోటు పూడ్చడానికి గెయిన్ (మిక్సర్‌లో మైకు సంకేతాన్ని పెంచే మీట) పెంచుతారు. గెయిన్ పెరగ్గానే హీటర్ హోరు, గదిలో దగ్గులు, స్పీకర్ నుంచి తిరిగొచ్చే శబ్దం అన్నీ అంతే పెరుగుతాయి. మైకు కూయడం (ఫీడ్‌బ్యాక్) మొదలవుతుంది. నిర్వాహకులు మైకును తప్పుపడతారు గానీ, చాలాసార్లు కారణం ఆ 15 సెంటీమీటర్లే.

కవి దూరంగా ఎందుకు నిలబడతాడు? సిగ్గు వల్ల కొంత, స్టాండు అమరిక వల్ల చాలా. మైకును నోటికి ఎదురుగా అడ్డంగా పెడితే చేతిలో కాగితం కనబడదు. కాగితం చూడాలంటే తల పక్కకు తిప్పాలి, లేదా వెనక్కి జరగాలి. పరిష్కారం తేలిక: మైకును గడ్డం ఎత్తుకు దించి, జాలీ పైకి నోటివైపు చూసేలా 45 డిగ్రీలు వంచండి. కాగితం మైకుకు ఒక పక్కన, ఛాతీ ఎత్తులో పట్టుకోమనండి. తల వంచి చదివినా నోరు మైకు మీదికే వస్తుంది. పెదాలకూ జాలీకీ మధ్య నాలుగు వేళ్ల దూరం, అంటే 7, 8 సెంటీమీటర్లు, చదివేవాళ్లకు సరైన కొలత. పాడేవాళ్లు రెండు వేళ్ల దూరానికి రావచ్చు. ఈ మాట వేదిక ఎక్కేముందు చెవిలో చెప్పండి. ఎక్కిన తర్వాత అందరి ముందూ చెబితే మొదటిసారి వచ్చినవాళ్లు బిగుసుకుపోతారు.

మరీ దగ్గరికొస్తే ఇంకో సంగతి. ఇలాంటి మైకులన్నిటిలోనూ నోరు దగ్గరయ్యేకొద్దీ మంద్రం ఉబ్బుతుంది. సన్నటి గొంతుకు అది నిండుదనం ఇస్తుంది, బొంగురు గొంతును బురదగా మారుస్తుంది. జలుబుతో గొంతు పట్టేసినవాళ్లు సహజంగానే మైకును మింగేంత దగ్గరికి లాక్కుంటారు, అప్పుడు వినిపించేది మంద్రపు మోత మాత్రమే. 200, 250 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ తగ్గించండి. మిక్సర్‌లో 80 లేదా 100 హెర్ట్జ్ కింద కోసేసే మీట ఉంటే గొంతు చానెళ్లన్నిటికీ రాత్రంతా వేసే ఉంచండి. స్టాండు మీద తగిలే కాళ్ల చప్పుడు కూడా దాంతో పోతుంది.

తెలుగు చదివేటప్పుడు మరొకటి గమనించాలి. ప, బ ఎలాగూ గాలి కొడతాయి. పద్యం చదివేవాళ్లు ఒత్తక్షరాలను ఒత్తి పలుకుతారు కాబట్టి భ, ఫ దగ్గర ఇంకా గట్టి గాలి వస్తుంది. జాలీ లోపలి స్పాంజి కొంత ఆపుతుంది గానీ పూర్తిగా ఆపలేదు. మైకును నోటికి సూటిగా కాకుండా పెదవి మూలకు జరిపి, కొద్దిగా ఏటవాలుగా చూసేలా పెడితే గాలి పక్కనుంచి పోతుంది, గొంతు మాత్రం తగ్గదు. పద్యం ఎత్తుకుని చివర రాగం తీసేవాళ్లకు గెయిన్ ముందే దించాలా అని కొందరికి భయం. మైకు వరకు ఆ భయం అక్కర్లేదు, మనిషి గొంతు ఎంత పెరిగినా ఎస్ఎం58 చీలదు. చీలేది మిక్సర్ ప్రీయాంప్, అంటే సంకేతాన్ని మొదట పెంచే భాగం. మామూలు మాటకు మీటర్ మధ్యలో ఆడేలా గెయిన్ ఒకసారి పెట్టేసి, ఆ తర్వాత మనిషినిబట్టి ఫేడర్‌నే (ధ్వని స్థాయిని పైకీ కిందికీ జరిపే మీటనే) కదిలించండి. ఎర్రదీపం పదేపదే వెలిగితేనే గెయిన్ ముట్టుకోండి, ఎందుకంటే గెయిన్ కదిలిస్తే పాడేవాళ్లకు తమ గొంతు వినిపించే మానిటర్ స్పీకర్ శబ్దం కూడా మారిపోతుంది.

కూత విషయంలో ఎస్ఎం58 మంచి మైకే. వెనకవైపు నుంచి వచ్చే శబ్దాన్ని బాగా తోసిపుచ్చుతుంది. కార్డియాయిడ్ (ముందు వైపు ఎక్కువ, వెనక తక్కువ వినే) మైకు కాబట్టి సరిగ్గా తోక వైపు, అంటే 180 డిగ్రీల దగ్గర, అతి తక్కువగా వింటుంది. కనుక నేల మీది మానిటర్‌ను పాడేవాళ్ల ఎదురుగా, మైకు తోక చూపించే దిక్కులో పెట్టాలి. పక్కన పెడితే ఆ లాభం చాలావరకు పోతుంది. జాలీని గుప్పిట్లో మూసేస్తే మొత్తం లాభం పోతుంది, ఎందుకంటే వెనకటి శబ్దాన్ని కొట్టేసే గాలిరంధ్రాలు జాలీ కిందనే ఉన్నాయి. వాటిని చెయ్యి మూసేస్తే మైకు అన్ని వైపులా వింటుంది, గొంతు ముక్కులోంచి వచ్చినట్టు మారుతుంది, క్షణంలో కూత లేస్తుంది. అలా పట్టుకున్నవాళ్లు కనిపిస్తే ముందు ఫేడర్ దించి, తర్వాత చేత్తో సైగ చేయండి.

చలికి జనం ముందుకు జరిగి కూర్చుంటారు. చోటు కోసం ఎవరో ఒకరు స్పీకర్లను వెనక్కి నెడతారు. స్పీకర్ మైకు కంటే వెనక్కి పోయిందంటే ఆ రాత్రి కూత తప్పదు. మైకు గీత కంటే కనీసం మీటరు, మీటరున్నర ముందు స్పీకర్లు పెట్టి, వాటి కాళ్ల దగ్గర నేల మీద టేపు అంటించండి. హాలు ఖాళీగా ఉన్నప్పుడు చేసిన సౌండ్ చెక్ కూడా చలికాలంలో మోసం చేస్తుంది. ఉన్ని కోట్లు, శాలువాలు వేసుకున్న యాభై మంది నిండాక గది పై శ్రుతులను బాగా పీల్చేస్తుంది. ఖాళీ హాల్లో పదునుగా వినిపించింది నిండిన హాల్లో మందగిస్తుంది. ట్రెబుల్‌ను ఖాళీ హాల్లోనే తేల్చేయకుండా, మొదటి ఇద్దరు చదివాక సరిచూడండి.

చలి మైకును పాడుచేస్తుందా అని చాలామంది అడుగుతారు. బయట చల్లటి కారులో ఉన్న మైకును వెచ్చటి, జనం ఊపిరితో తేమ నిండిన హాల్లోకి తేగానే లోహం మీద చెమ్మ పడుతుంది. ఫాంటమ్ కరెంటుతో పనిచేసే కండెన్సర్ మైకయితే ఈ చెమ్మకు పటపటలాడుతుంది, కాసేపు మూగబోవచ్చు కూడా. ఎస్ఎం58 ఈ విషయంలో చాలా గట్టిది. అయినా జిప్పు సంచిలోంచి వెంటనే తీయకండి. సంచి మూసే ఉంచి ఒక అరగంట గది వేడికి రానిస్తే చెమ్మ సంచి మీద పడుతుంది, మైకు పొడిగా ఉంటుంది. కేబుళ్లకూ అదే అరగంట ఇవ్వండి. చలికి పీవీసీ తొడుగు బిర్రుగా అవుతుంది. ఆ స్థితిలో మోచేతికి చుట్టి లాగితే లోపలి తీగల అల్లిక తెగుతుంది, కనెక్టర్ దగ్గర టాకా ఊడుతుంది. మధ్యలో ఆగి ఆగి వచ్చే మైకుల్లో చాలావాటికి జబ్బు కేబుల్‌లోనే ఉంటుంది. కాబట్టి 6 మీటర్ల ఎక్స్ఎల్ఆర్ (మూడు సూదుల మైకు) కేబుల్ ఒకటి అదనంగా స్టాండు పక్కనే చుట్టి ఉంచండి.

హీటర్ నడిచే గదిలో గాలి పొడిబారుతుంది. తివాచీ మీద ఉన్ని మేజోళ్లతో నడిచొచ్చినవాళ్లు జాలీని ముట్టుకోగానే ఒంట్లో చేరిన స్థిర విద్యుత్తు చిటుక్కుమంటుంది, ఆ చప్పుడు స్పీకర్లలో టపాకాయలా పేలుతుంది. ముందు స్టాండు లోహపు కడ్డీ పట్టుకోమని చెబితే చాలు, విడుదల కావాల్సింది అక్కడ విడుదలవుతుంది. హీటర్ విషయంలో ఇంకో లెక్క మరవకూడదు. 2,000 వాట్ల హీటర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. అదే లైను మీద స్పీకర్లు, దీపాలు, కెటిల్ పెడితే మంచి పాట మధ్యలో ఫ్యూజు పోతుంది. సౌండ్ సామానుకు హీటర్ లేని లైను వెతకండి. కవితల వంతు వచ్చినప్పుడు ఫ్యాన్ హీటర్ ఆపేయండి. పావుగంటలో జనం ఉన్న గది చల్లబడదు, కానీ మైకులో నేపథ్యపు హోరు అమాంతం తగ్గుతుంది.

వాద్యాల విషయంలో ఎస్ఎం58ను బతిమాలకండి. గిటారు ముందు పెడితే వినిపిస్తుంది, కాదనం. కానీ పాటకూ వాద్యానికీ ఒకే మైకు ఉంచితే రెండూ సగం సగమే అవుతాయి. పికప్ (తీగల శబ్దాన్ని నేరుగా అందుకునే భాగం) ఉన్న గిటారును డీఐ పెట్టెలోంచి, అంటే గిటారు సంకేతాన్ని మిక్సర్‌కు తగ్గట్టు మార్చే పెట్టెలోంచి, పంపండి. పికప్ లేకపోతే అదే కంపెనీ వాద్యాల మైకు ఎస్ఎం57 తెచ్చి, రంధ్రానికి ఎదురుగా కాకుండా మెడ, బాడీ కలిసేచోటికి ఒక జానెడు దూరంలో గురిపెట్టండి. డీఐ పెట్టెకు ఫాంటమ్ 48 వోల్టులు కావాల్సి వచ్చి, మిక్సర్‌లో ఒకే మీటతో అన్ని చానెళ్లకూ వెళ్తున్నా ఫర్వాలేదు. సరైన బ్యాలెన్స్‌డ్ (ఎక్స్ఎల్ఆర్) కేబుల్ మీద ఎస్ఎం58కు దానివల్ల హాని లేదు. ఎక్స్ఎల్ఆర్ నుంచి 6.35 మిల్లీమీటర్ల ప్లగ్గుకు మార్చే కేబుల్‌తో ఈ మైకును గిటారు యాంప్లిఫయర్‌లో గుచ్చడం మాత్రం చేయొద్దు. ఇది తక్కువ ఇంపీడెన్స్ (కరెంటుకు ఎదురయ్యే నిరోధం) ఉన్న మైకు. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా అలా గుచ్చితే పీలగా, హమ్మింగుతో వస్తుంది, జనం మైకు చెడిందనుకుంటారు. గిటారు ప్లగ్గు పెట్టేముందూ తీసేముందూ ఆ చానెల్ మ్యూట్ చేయడం మిక్సర్ దగ్గర కూర్చున్నవాళ్ల పని. వాయించేవాళ్లకు అది గుర్తుండదు.

శ్రుతి మాట కూడా ఇక్కడే చెప్పాలి. చలిలోంచి వచ్చిన గిటారు వెచ్చబడేకొద్దీ ఉక్కు తీగలు సాగి శ్రుతి కిందికి జారుతుంది. ఫ్లూట్ అందుకు విరుద్ధం: లోపలి గాలి వెచ్చబడితే శ్రుతి పైకి పోతుంది, డిగ్రీకి సుమారు 3 సెంట్లు (అర స్వరంలో వందో వంతు ఒక సెంటు). ఇద్దరూ తలుపు దగ్గర కలిపి చూసుకుని వేదిక ఎక్కితే నిమిషాల్లో ఎడమొహం పెడమొహం అవుతారు. వాద్యాలను వంతుకు అరగంట ముందే హాల్లోకి తెప్పించి, హీటర్‌కు దూరంగా పెట్టించి, ఎక్కేముందు కలపమనండి.

ఈ మైకును మాకు అన్నిటికంటే నచ్చేలా చేసేది దాన్ని శుభ్రం చేయడంలోని సౌలభ్యం. జలుబుల కాలంలో ఇరవై నోళ్లు ఒకే జాలీ మీద ఊదుతాయి. ఎస్ఎం58 జాలీని అపసవ్యంగా తిప్పితే ఊడొస్తుంది. మైకును మిక్సర్‌లో మ్యూట్ చేసి, నిలువుగా పట్టుకుని తిప్పండి. లోపల కనిపించే గుండ్రటి కార్ట్రిడ్జ్‌ను వేలితో ముట్టుకోవద్దు, నీళ్లు తగలనివ్వొద్దు. జాలీ లోపలి పల్చటి స్పాంజిని మెల్లగా బయటికి లాగండి. జాలీని గోరువెచ్చటి నీళ్లలో కొద్దిగా సబ్బు వేసి మెత్తటి టూత్‌బ్రష్‌తో తోమండి, స్పాంజిని పిండకుండా నొక్కి నొక్కి కడగండి. రెండూ రాత్రంతా ఆరాలి. తడి స్పాంజిని బిగిస్తే శబ్దం మూసుకుపోతుంది, వాసన పుడుతుంది. హెయిర్ డ్రయర్ వేడి దగ్గరగా పెడితే స్పాంజి పాడవుతుంది. బిగించేటప్పుడు మర అడ్డంగా పడకుండా ముందు ఒక చుట్టు చేత్తో తేలిగ్గా తిప్పి చూసి, తర్వాతే గట్టిగా బిగించండి.

కార్యక్రమం మధ్యలో కడగలేం కాబట్టి విడి జాలీలు రెండు, మూడు కొని ఉంచండి. వీటిని ష్యూర్ విడిగా అమ్ముతుంది. విరామంలో మార్చేస్తే సరి. మనిషి మనిషికీ మధ్య తుడవాలంటే ఆల్కహాల్ వైప్‌తో జాలీ పైపైన తుడిచి అరనిమిషం ఆగాలి. మైకుకు బిగించి ఉన్న జాలీ మీద స్ప్రే కొట్టడం తప్పు, ఆ ద్రవం లోపలి పొర మీదికి దిగుతుంది. స్ప్రే అలవాటు వల్ల మెల్లగా మందగించి, పై శ్రుతులు పోయిన మైకులు ఉంటాయి. వాటికి కార్ట్రిడ్జ్ మార్చాల్సిందే, అది కూడా విడిగా దొరుకుతుంది. కింద పడి సొట్టపోయిన జాలీ చూసి దిగులుపడొద్దు. దెబ్బ తినడానికే అది అక్కడుంది, లోపలిది క్షేమంగా ఉంటే జాలీ ఒక్కటి మారిస్తే కొత్త మైకే.

కొనేటప్పుడు స్విచ్ లేనిదే తీసుకోండి. ఎస్ఎం58ఎస్ అని స్విచ్‌తో కూడా వస్తుంది. ఓపెన్ మైక్‌లో స్విచ్ వల్ల వచ్చేది తంటానే. పాడేసి దిగుతూ ఒకరు అలవాటుగా ఆపేస్తారు, తర్వాత వచ్చినవాళ్లు నోరు కదుపుతుంటే మిక్సర్ దగ్గరివాళ్లు కేబుల్ వెతుకుతారు. ఇప్పటికే స్విచ్ ఉన్నది కొని ఉంటే, ఆన్ స్థితిలో కదలకుండా బిగించే చిన్న పలక వీలు ఆ మోడల్‌లో ఉంది, వాడుకోండి. ఇక నకిలీలు. ఈ మైకుకు ఉన్నన్ని నకిలీలు ఏ మైకుకూ ఉండవేమో. అధీకృత విక్రేత దగ్గర కొనడమే క్షేమం. చేతికొచ్చాక ఇంట్లోని చిన్న తూకం మీద పెట్టి 298 గ్రాములకు ఎంత దగ్గరగా ఉందో చూడండి. బాగా తేలిగ్గా ఉంటే వాపసు ఇచ్చేయండి.

పోటీవాటిలో రెండింటి గురించి చెప్పాలి. ష్యూర్ బీటా 58ఏకు సున్నితత్వం ఇంకా ఎక్కువ, 3 డెసిబెల్స్ దాకా ఎక్కువ ఇస్తుంది. అది సూపర్ కార్డియాయిడ్ (ఇంకా ఇరుకుగా వినే మైకు) కాబట్టి అతి తక్కువ వినేది తోక దగ్గర కాదు, సుమారు 120 డిగ్రీల దగ్గర. మానిటర్‌ను పక్కలకు జరపాలి, పాడేవాళ్లు మైకు ముందు నుంచి పక్కకు కదలకూడదు. అలవాటైన గాయకులకు అద్భుతం, కొత్తవాళ్ల చేతుల్లో ఆ ఇరుకుతనం దెబ్బ తీస్తుంది. సెన్‌హైజర్ ఈ835 మాత్రం కవుల రాత్రికి గట్టి పోటీ. ఒక పాస్కల్‌కు 2.7 మిల్లీవోల్టులు ఇస్తుంది, నోరు కొద్దిగా దూరం జరిగినా గొంతు స్వభావం అంతగా మారదు. చదివేవాళ్లే ఎక్కువగా వచ్చే సభ అయితే మేం ఒక ఈ835, ఒక ఎస్ఎం58 పెట్టి, మొదటిది చదివేవాళ్లకు, రెండోది పాడేవాళ్లకు ఇస్తాం. పాటలే ఎక్కువయితే రెండూ ఎస్ఎం58లే.

యాభై, అరవై మంది కూర్చునే హాలుకు మా లెక్క ఇది: గొంతుకు రెండు మైకులు, ఒక నిటారు స్టాండు, గిటారుతో పాడేవాళ్లకు అడ్డచెయ్యి ఉన్న ఒక బూమ్ స్టాండు, ఒక డీఐ పెట్టె, ఒక విడి కేబుల్, రెండు విడి జాలీలు. రెండు మైకులూ రెండు స్టాండుల మీద సిద్ధంగా ఉంటే ఒకరు దిగుతుండగానే మరొకరు మొదలుపెట్టవచ్చు, ఎత్తు సర్దడానికి నిమిషాలు పోవు. వాడని మైకు ఫేడర్ పూర్తిగా కిందికి ఉండాలి. తెరిచి ఉంచిన రెండో మైకు గది హోరునూ కూత ప్రమాదాన్నీ పెంచడం తప్ప ఇంకేమీ చేయదు.

పాతిక మంది పట్టే చిన్న గదిలో కవితలు మాత్రమే చదివే రాత్రయితే ఇవేవీ కొనకండి. కుర్చీలు అర్ధచంద్రాకారంలో వేసి, హీటర్ ఆపి, చదివేవాళ్లను గోడకు వీపు పెట్టి నిలబెడితే వెనక వరుస దాకా గొంతు నేరుగా చేరుతుంది, ఎస్ఎం58 ఇవ్వగలిగిన దానికంటే మేలుగా.